మెక్‌డానెల్ తీరిక

కాకినాడలో మా ఇంటి వరండాలో ఆదివారం ఉదయాలు పది పన్నెండు మంది పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. గంటసేపు వాళ్ల ఆటలు చూశాక, చివరి అరగంట ఒక పాత ఆటను బల్ల మీద పేర్చి, ఎత్తు తరువాత ఎత్తు చూపించడం నా అలవాటు. మొన్న చూపించినది 1834లో లండన్‌లో ఆడిన ఆట. తెల్ల పావులతో ఆడినవాడు ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన అలెగ్జాండర్ మెక్‌డానెల్, నల్ల పావులతో ఆడినవాడు ఫ్రాన్స్‌కు చెందిన లా బూర్డొనే. ముప్పై ఏడో ఎత్తు దగ్గర ఆ ఆట ముగిసేసరికి బల్ల మీద కనిపించే దృశ్యం చదరంగం ఆడే ఎవరూ ఒకసారి చూస్తే మరిచిపోలేనిది. నల్ల బంట్లు మూడు భుజాలు కలుపుకుని తెల్ల రాజు ఇంటి గుమ్మం దాకా వచ్చి, చివరి గడికి ఒక్క అడుగు దూరంలో వరుసగా నిలబడి ఉంటాయి. తెల్లవాడి చేతిలో ఇంకా మంత్రి ఉంది, అంటే ఇప్పటి పిల్లల మాటలో క్వీన్, ఏనుగు కూడా ఉంది. అయినా ఆ మూడు బంట్లను ఆపడానికి అవి చాలవు. మెక్‌డానెల్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఆ ఆట చూపిస్తూ, నేను ఎప్పుడూ చెప్పే మాటే మళ్లీ చెప్పాను. ఆ రోజుల్లో ఆటకు గడియారం లేదు, మెక్‌డానెల్ చాలా నిదానంగా ఆడేవాడు, కొన్ని ఎత్తులకు గంటకు పైగా ఆలోచించేవాడని ఆ కాలం వాళ్లు రాసి పెట్టారు. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి చేయి ఎత్తింది. "మాస్టారూ, మరి ఆయన ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లేవాడు?"

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. టోర్నమెంటులో ప్రతి ఎత్తుకూ గడియారం నొక్కే అలవాటున్న పిల్లకు ఆ సందేహం రావడం సహజం. అంత సమయం ఆయనకు ఎక్కడిదని ఆమె అడుగుతోంది. దానికి సమాధానం నాకు తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్లుగా పిల్లలకు చెప్పకుండా దాటవేస్తూ వచ్చాను. ఆయన వర్తకుడనీ, డబ్బుకు లోటు లేదనీ చెప్పి తరువాతి ఎత్తుకు వెళ్లిపోయేవాడిని. మొన్న కూడా అదే చేశాను. పిల్లలు వెళ్లిపోయాక ఆ మూడు బంట్లను అలాగే ఉంచి చాలాసేపు కూర్చున్నాను. ఆ అమ్మాయికి ఇవ్వవలసిన జవాబు ఇది.

మెక్‌డానెల్ 1798లో ఒక శస్త్రవైద్యుడి కొడుకుగా పుట్టాడు. వర్తకంలో శిక్షణ పొంది, దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో అప్పుడు బ్రిటిష్ వారి చేతిలో ఉన్న డెమెరారాకు వెళ్లి కొంతకాలం పనిచేశాడు. ఇప్పటి గయానా దేశంలో భాగమైన ఆ ప్రాంతంలో సముద్రపు నీరు పొలాల మీదికి రాకుండా డచ్చివారి కాలం నుంచీ గట్లు కట్టి, కాలువలు తవ్వి, చెరకు సాగు చేయించేవారు. గట్లు కట్టినవారు, కాలువలు తవ్వినవారు, చెరకు నరికినవారు, గానుగ ఆడించి రాత్రంతా బెల్లపు పాకం మరిగించినవారు అందరూ ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ వారి సంతానమూ. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన నాకు చెరకు తోట అంటే ఏమిటో, కాలువ పూడిక తీయడమంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. ఆ పని కూలి లేకుండా, కొరడా కింద, జీవితాంతం చేయడమంటే ఏమిటో మాత్రం ఊహించడానికే భయం వేస్తుంది.

1823 ఆగస్టు 18న డెమెరారా తూర్పు తీరంలో పదివేల మందికి పైగా బానిసలు తిరగబడ్డారు. ఆడవారిని కొరడాతో కొట్టకూడదని, పొలంలో కొరడా వాడకూడదని లండన్ ప్రభుత్వం సూచనలు పంపింది. అవి డెమెరారాకు చేరినా అధికారులు బయటపెట్టలేదు. రాజుగారు తమకు స్వేచ్ఛ ఇచ్చారని, యజమానులు దాన్ని దాచిపెట్టారని తోటల్లో మాట పాకింది. తిరుగుబాటుదారుల్లో ముఖ్యుడు జాక్ గ్లాడ్‌స్టన్ అనే యువకుడు. అతని తండ్రి క్వామినా వడ్రంగి, ప్రార్థనా మందిరంలో పెద్ద, హింస వద్దని వారించినవాడు. ప్రభుత్వ సైన్యం వందల మందిని చంపింది. క్వామినాను కాల్చి చంపి, శవాన్ని అతను పనిచేసిన తోట ముందే గొలుసులతో వేలాడదీసింది. బానిసలకు బోధ చేసిన జాన్ స్మిత్ అనే ఆంగ్లేయ మతబోధకుడికి సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. ఆయన 1824 ఫిబ్రవరిలో జైలులోనే క్షయతో చనిపోయాడు. ఆ వార్తతో ఇంగ్లండ్‌లో బానిసత్వ వ్యతిరేకులు భగ్గుమన్నారు.

అదే 1824లో లండన్‌లో ఒక పుస్తకం వెలువడింది. డెమెరారాలో నీగ్రోల అసలు పరిస్థితి ఏమిటో నమ్మదగిన నివేదికలతో చూపిస్తానని ఆ పుస్తకం శీర్షికలోనే చెప్పుకుంది. ట్రినిడాడ్ దీవిలో బానిసల రక్షణకు ప్రభుత్వం అప్పుడే తెచ్చిన నిబంధనలు ఎంతవరకు తగినవో అందులో చర్చించారు. బానిసల స్థితిని ఏ పద్ధతిలో మెరుగుపరచాలో సలహాలు ఇచ్చారు. దాన్ని రాసినది మన మెక్‌డానెల్, డెమెరారా తోటల యజమానుల సంఘం తరఫున. అప్పటికి ఆయన వయసు 26. క్వామినా శవం గొలుసుల్లో వేలాడి ఇంకా ఏడాది కాలేదు.

ఆ పుస్తకం స్కాన్ ప్రతిని నేను కొన్నేళ్ల కిందట చదివాను. చదవక ముందు, ఆ రచయిత మరొక మెక్‌డానెల్ అయి ఉంటే బాగుండునని మనసులో కోరుకున్నాను. చదరంగంలో మనం ప్రేమించిన మనిషిని గురించి అలా కోరుకోవడం ఎంత సులువో నాకు అప్పుడు తెలిసింది. చదివాక నన్ను ఎక్కువగా కలవరపెట్టినది దాని ధోరణి. అది కేకలు వేసే పుస్తకం కాదు. ఓపికగా, క్రమంగా, ఎదుటివాడి వాదనను ఒక్కొక్కటిగా తీసుకుని జవాబు చెప్పే పుస్తకం. తొందరపడవద్దని, ఆస్తికి నష్టం రాకూడదని, మార్పు మెల్లగా రావాలని చెప్పే పుస్తకం. బల్ల ముందు గంటసేపు కదలకుండా కూర్చుని ఎత్తు వేసే మనిషి అలాగే రాస్తాడు. ఆయన ఆటలో నాకు నచ్చిన గుణమే అక్కడ ఒక ఘోరానికి కాపలాగా నిలబడి ఉంది.

లండన్‌లో ఆయన చదరంగం 1825 ప్రాంతంలో ఊపందుకుంది. అప్పటికి ఇంగ్లండ్‌లో అందరికన్నా పెద్ద ఆటగాడైన విలియం లూయిస్ దగ్గర శిష్యుడిగా చేరి, త్వరలోనే గురువు తనతో సమానంగా ఆడటానికి వెనుకాడే స్థాయికి ఎదిగాడు. ఓడ కెప్టెన్‌గా పనిచేసిన వేల్స్‌వాసి ఎవన్స్ కనిపెట్టిన కొత్త ఆరంభం (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరుస), ఈనాటికీ ఎవన్స్ గాంబిట్ అనే పేరుతో పిల్లలందరూ నేర్చుకునేది, దాని దెబ్బ మొదట తిన్నవారిలో మెక్‌డానెల్ ఒకడు. దెబ్బ తిన్నవాడే దాన్ని ఇష్టపడి తన ఆయుధం చేసుకున్నాడు. 1830లో ఆయన వెస్ట్ ఇండియా, అంటే కరీబియన్ ప్రాంతపు, వర్తకుల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. జీతం బాగా వచ్చే కొలువు, చేతినిండా తీరిక. చదరంగ చరిత్రలు ఆయన్ను గురించి రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం మాత్రం తప్పక రాస్తాయి, డబ్బూ తీరికా ఉన్న ఉద్యోగమని. ఆ సంఘం పని ఏమిటో చాలా పుస్తకాలు రాయవు.

కరీబియన్ తోటల యజమానులు, వారికి అప్పులిచ్చే లండన్ వర్తకులు, పంచదార దిగుమతి చేసుకునేవారు కలిసి తమ ప్రయోజనాలను కాపాడుకోవడానికి పెట్టుకున్న సంఘం అది. పార్లమెంటు సభ్యులను కలవడం, మంత్రులకు వినతిపత్రాలు పంపడం, వ్యాసాలు రాయించడం, పంచదార సుంకాల మీద వాదించడం, అన్నిటికీ మించి బానిసత్వ రద్దును ఆలస్యం చేయడం, అది తప్పనిసరి అయినప్పుడు పరిహారం రాబట్టుకోవడం ఆ సంఘం పనులు. కార్యదర్శి అంటే ఆ యంత్రాన్ని రోజూ తిప్పే మనిషి. మెక్‌డానెల్‌ను మనం ఆటగాడని మాత్రమే పిలుస్తున్నాం. ఆయన గొప్ప సంఘ నిర్వాహకుడు కూడా. ఆయన జీవితంలో ఆ సగాన్ని వదిలేసి మిగిలిన సగాన్ని చెబితే, ఆ మిగిలినదానికి కూడా అర్థం ఉండదు.

ఆ సంఘం గెలిచిందనే చెప్పాలి. 1833 ఆగస్టులో పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. యజమానులకు పరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఆనాటి బ్రిటన్ ప్రభుత్వపు ఏడాది ఖర్చులో అది సుమారు 40 శాతం. ఆ అప్పు తాలూకు చివరి బాకీ 2015లో గానీ తీరలేదు. విడుదలైన సుమారు ఎనిమిది లక్షల మందికి ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పైగా పొలాల్లో పనిచేసేవారు ఇంకా కొన్నేళ్లు శిక్షణార్థులనే పేరుతో పాత యజమానికే వారానికి 45 గంటల వరకు కూలి లేకుండా పనిచేయాలని చట్టమే శాసించింది. ఆ చట్టం అమలులోకి వచ్చిన తేదీ 1834 ఆగస్టు 1.

ఆ తేదీని నేను మొదటిసారి మెక్‌డానెల్ జీవితం పక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు బాగా గుర్తు. ఎందుకంటే ఆ వేసవిలో ఆయన ఏం చేస్తున్నాడో నాకు ఎత్తు ఎత్తుగా తెలుసు.

1834 జూన్ నుంచి అక్టోబరు వరకు లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ చెస్ క్లబ్బులో ఆయన లా బూర్డొనేతో ఆడుతున్నాడు. ఆరు మ్యాచ్‌లు, మొత్తం 85 ఆటలు. లా బూర్డొనే 45 గెలిచాడు, మెక్‌డానెల్ 27, మిగిలిన 13 ఎవరికీ తేలలేదు. మొదటి మ్యాచ్‌లో మెక్‌డానెల్ 5 గెలిచి 16 ఓడాడు. అంతటి దెబ్బ తిన్నవాడు మామూలుగా మళ్లీ లేవడు. ఆయన లేచి, రెండో మ్యాచ్‌ను 5-4తో గెలిచాడు. తరువాతి మూడూ ఓడాడు. ఆరో మ్యాచ్‌లో మెక్‌డానెల్ 5-4తో ముందున్నప్పుడు లా బూర్డొనే అప్పుల వ్యవహారాల వల్ల పారిస్ వెళ్లిపోవలసి వచ్చి, అది సగంలో ఆగిపోయింది. ఫ్రెంచివాడు చకచకా ఆడేవాడు, గెలుస్తుంటే నవ్వుతూ మాట్లాడేవాడు, ఓడుతుంటే గట్టిగా తిట్టేవాడు. ఐరిష్‌వాడు మౌనంగా, కదలకుండా, చూసేవారికి విసుగు పుట్టేదాకా ఆలోచించేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆట ముగిశాక లా బూర్డొనే మరెవరితోనో పందెం ఆటలు ఆడుతూ అర్ధరాత్రి దాకా కూర్చునేవాడని, మెక్‌డానెల్ అలసిపోయి తన గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాడని రాశారు.

ఈ ఆటలు మనదాకా వచ్చాయంటే, ఒక ముసలాయన పుణ్యం. విలియం గ్రీన్‌వుడ్ వాకర్ మెక్‌డానెల్ పక్కన కూర్చుని ప్రతి ఎత్తునూ రాసి పెట్టాడు. మెక్‌డానెల్ పోయాక 1836లో ఆ ఆటలను పుస్తకంగా అచ్చు వేయించాడు. అంతకు ముందు ఏ ఇద్దరు పెద్ద ఆటగాళ్ల మధ్య పోరాటమూ ఇంత పూర్తిగా కాగితం మీదికి ఎక్కలేదు. చదరంగం చదువు అనేది ఆ కాగితాలతో మొదలైందంటే అతిశయోక్తి కాదు. ఆటగాళ్లను పొగిడే మనం, పక్కన కూర్చుని రాసినవారిని సరిగా గౌరవించడం లేదని నాకు ఎప్పటినుంచో బాధ.

ఇప్పుడు ఆ గదినీ ఆ తేదీనీ కలిపి చూడండి. ఆ వేసవిలో లండన్‌లో గడియారం లేని బల్ల ముందు ఒక మనిషి తనకు ఇష్టమైనంత సేపు ఆలోచిస్తున్నాడు. డెమెరారాలో ఆగస్టు 1 నుంచి ఒక మనిషి వారానికి ఎన్ని గంటలు తన యజమానికి బాకీ ఉన్నాడో చట్టం లెక్కకట్టి చెబుతోంది. రెండు చోట్లా సంగతి సమయానికి సంబంధించినదే. చెరకు తోటలో గంట కొడితే లేవాలి, గంట కొడితే పొలానికి నడవాలి, గానుగ ఆడే రోజుల్లో రాత్రి కూడా పని. అక్కడ లాక్కున్న సమయం పంచదారగా మారి, పంచదార డబ్బుగా మారి, డబ్బు ఒక సంఘానికి చందాగా మారి, చందా ఒక కార్యదర్శికి జీతంగా మారి, చివరికి వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక్క ఎత్తుకు గంటకు పైగా పట్టే తీరికగా మారింది. ఆ అమ్మాయి అడిగినది ఇదే. ఆయన ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లేవాడంటే, ఆయన ఉద్యోగం వేల మంది ఇతరులు పొలాల్లో చేస్తున్నారు.

దీనికి ఎదురు వాదనలు నాకు తెలియనివి కావు. ఒకప్పుడు నేనే ఆ మాటలు అనేవాడిని. మొదటిది, ఆ కాలం అలాంటిది, ఈనాటి కొలతతో ఆనాటి మనిషిని కొలవకూడదనేది. మిగతావారి సంగతి ఎలా ఉన్నా, మెక్‌డానెల్ విషయంలో ఈ మాట నిలవదు. ఎందుకంటే ఆయన పుట్టిన ఊరే దానికి సాక్ష్యం చెబుతుంది. 1786లో వాడెల్ కనింగ్‌హామ్ అనే బెల్‌ఫాస్ట్ ధనికుడు బానిసల వ్యాపారానికి ఓడలు నడిపే సంస్థ పెట్టాలని ప్రయత్నిస్తే, థామస్ మెకేబ్ అనే గడియారాల వ్యాపారి అడ్డం తిరిగాడు. ఆ సంస్థ పుట్టకుండానే ఆగిపోయింది. ఒకప్పుడు తానే బానిసగా ఉండి స్వేచ్ఛ కొనుక్కుని, తన జీవితకథ తానే రాసుకున్న ఒలౌడా ఈక్వియానో 1791 చివర బెల్‌ఫాస్ట్ వస్తే, ఆ ఊరివారు ఇంట్లో పెట్టుకుని ఆదరించారు, ఆయన పుస్తకం కొన్నారు. ఐక్య ఐరిష్ ఉద్యమంలోని థామస్ రస్సెల్ బానిసల చెమటతో వచ్చిన పంచదార ముట్టనని మానేశాడు. ఇదంతా మెక్‌డానెల్ పుట్టకముందు, ఆయన పుట్టిన వీధులకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో జరిగింది. ఆయన 26 ఏళ్ల వయసులో పుస్తకం రాసేనాటికి ఇంగ్లండ్‌లో ఇల్లాళ్లు వెస్ట్ ఇండియా పంచదార కొనకూడదని తీర్మానించుకుంటున్నారు. కాబట్టి ఆ కాలంలో రెండు పక్షాలు ఉన్నాయి. రెండిటి వాదనలూ ఆయనకు తెలుసు. ఎదుటి పక్షానికి జవాబు రాయడమే ఆయన పని గనుక, బహుశా అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. పైగా ఆ కాలంలో అందరికన్నా ముందుగా ఈ సంగతి తెలిసినవాడు క్వామినా. కాలం అలాంటిది అనేటప్పుడు మనం ఎవరి కాలాన్ని లెక్కలోకి తీసుకుంటున్నామో ఆలోచించాలి.

రెండో వాదన, ఆట వేరు, మనిషి వేరు అనేది. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేను వదులుకోను. 85 ఆటల్లో యాభయ్యో ఆటను నేను కనీసం వందసార్లు ఆడించుకుని ఉంటాను. అందులో నల్ల పావులు మెక్‌డానెల్‌వి. పదమూడో ఎత్తులో ఆయన తన గుర్రంతో ఎదుటి గుర్రాన్ని తీసుకుని, తన క్వీన్‌ను బిషప్‌కు వదిలేస్తాడు. క్వీన్ పోయింది, దానికి బదులుగా వచ్చినవి ఒక గుర్రం, ఒక బిషప్ మాత్రమే. లెక్క చూస్తే ఆట అయిపోయినట్టే. కానీ తెల్ల రాజు కోట కట్టుకోలేక మధ్యలో ఇరుక్కుపోయాడు. నల్ల గుర్రాలు ఒక్కొక్క అడుగూ ముందుకు వచ్చి, ఏనుగులు తోడై, ఆ రాజును బల్ల చివరి దాకా తరిమికొడతాయి. ముప్పై ఆరో ఎత్తుకు ఆట ముగుస్తుంది. క్వీన్‌ను ఇచ్చి వెంటనే ఆట కట్టించడం ఆ రోజుల్లో ఎందరికో తెలిసిన విద్య. వెంటనే ఏమీ రాదని తెలిసి, పదిహేను ఇరవై ఎత్తుల తరువాత వస్తుందన్న నమ్మకంతో ఇవ్వడం ఆ రోజుల్లో ఎంతో అరుదు. ఆ ఎత్తు ముందు నాకు ఈనాటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ ఎత్తును ఏ చరిత్రా మార్చలేదు, మార్చవలసిన అవసరమూ లేదు.

కానీ ఆట వేరు, మనిషి వేరు అని చెప్పేవారు మనిషి కథ చెప్పడం మానడం లేదు కదా. ఆయన నిదానం గురించి, మర్యాద గురించి, ఓటమి తరువాత లేచిన పట్టుదల గురించి, మ్యాచ్ ముగిసిన ఏడాదికే మూత్రపిండాల జబ్బుతో 37 ఏళ్లకు 1835 సెప్టెంబరులో చనిపోవడం గురించి చెబుతూనే ఉన్నారు. లా బూర్డొనే 1840లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా లండన్‌లోనే చనిపోతే, ఆయన్ను కూడా మెక్‌డానెల్ ఉన్న కెన్సల్ గ్రీన్ శ్మశానంలోనే పాతిపెట్టారని కళ్లు చెమర్చేలా రాస్తారు. నేనూ అలాగే చెప్పేవాడిని. మనిషిలో మనకు నచ్చిన భాగాలన్నిటినీ ఆటతో కలిపి చెప్పి, నచ్చని భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆటను మనిషి నుంచి వేరు చేయడం న్యాయం కాదు. చెబితే మొత్తం చెప్పాలి, లేదా ఎత్తులు మాత్రమే చూపించి ఊరుకోవాలి. పిల్లలు ఎత్తులతో ఊరుకోరు, ఆ మనిషి ఎవరని అడుగుతారు.

బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. లా బూర్డొనే పుట్టింది ఫ్రెంచివారి చెరకు, కాఫీ తోటల దీవి రీయూనియన్‌లో. ఆయన తాత మహే ద లా బూర్డొనే మారిషస్ గవర్నరుగా పనిచేసినవాడు, 1746లో ఇంగ్లీషువారి దగ్గర నుంచి మద్రాసు కోటను పట్టుకున్నవాడు, మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ఆ మనిషే. ఆయన గవర్నరుగా ఉన్నప్పుడు మారిషస్‌లో రేవునూ రోడ్లనూ బానిసల చేత కట్టించాడు. అంటే 1834 వేసవిలో ఆ బల్లకు ఇరువైపులా కూర్చున్న ఇద్దరి వెనకా చెరకు దీవులు, తోటలు ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు. పని చేయకుండా రోజంతా కూర్చోగలిగిన యూరపు మనిషికి ఆ రోజుల్లో ఆదాయం ఎక్కడి నుంచి వచ్చేదో చూస్తే, ఎన్నోసార్లు దారి చెరకు తోటకే చేరుతుంది.

ఆ దారి మా ఊరి పక్కదాకా కూడా వస్తుంది. ఆ మ్యాచ్ ఆగిపోయిన కొద్ది వారాలకే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి ఒప్పంద కూలీలను మారిషస్‌లో దింపింది. బానిసలు పోయిన చోటికి కొత్త చేతులు కావలసి వచ్చాయి. 1838 మే 5న విట్‌బీ, హెస్పెరస్ అనే ఓడలు డెమెరారా తీరం చేరాయి. వాటిలో కూలీలను తెప్పించినవాడు జాన్ గ్లాడ్‌స్టన్, క్వామినా శవాన్ని ఏ తోట ముందు వేలాడదీశారో ఆ తోట యజమాని. 1845 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా గయానాకు ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువారు ఎక్కారు. 1917 వరకు మొత్తం సుమారు 2,39,000 మంది భారతీయులు ఆ గడ్డ మీద దిగారు. మారిషస్‌కైతే తెలుగువారు మరీ ఎక్కువగా వెళ్లారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు అక్కడివారు తెలుగువారిని కోరంగులనే పిలిచారు. ఈనాటికీ అక్కడ తెలుగు సంఘాలు ఉన్నాయి. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మేము పిల్లలను మడ అడవులు చూపించడానికి తీసుకువెళ్లే కోరంగి అదే.

ఒప్పంద కూలీతనాన్ని బానిసత్వంతో సమానం చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఒప్పందానికి గడువు ఉంది, బిడ్డలు అమ్ముడుపోలేదు. రెండూ ఒకటే అనడం ఆఫ్రికావారు పడ్డ బాధను తక్కువ చేయడమే అవుతుంది. కానీ రెండిటినీ నడిపిన లెక్క ఒకటే. తోటకు చేతులు కావాలి, ఆ చేతుల సమయం చవకగా రావాలి. మెక్‌డానెల్ ఆ రోజులు చూడకుండానే పోయాడు. ఆయన కార్యదర్శిగా ఉన్న సంఘం ఆయన తరువాత కూడా తన పని తాను చేసుకుపోయింది.

కొందరు మిత్రులు నాతో, పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ, ఆట మీద ఇష్టం పోతుంది అన్నారు. నా అనుభవం అందుకు భిన్నంగా ఉంది. నా వరకు నాకు మెక్‌డానెల్ ఆటల మీద ఇష్టం తగ్గలేదు. వాటిని చూసే తీరు మారింది. ఇదివరకు ఆయన నిదానంలో నాకు మేధ మాత్రమే కనిపించేది, ఇప్పుడు ఆ మేధకు దొరికిన సమయం కూడా కనిపిస్తుంది. ఇది నా విద్యార్థుల విషయంలో కూడా నాకు పనికి వచ్చింది. మా వరండాకు వచ్చే పిల్లల్లో ఇద్దరు ముగ్గురు సాయంత్రాలు తల్లిదండ్రుల దుకాణాల్లో కూర్చునేవారు ఉన్నారు. వారానికి పది గంటలు సాధన చేసే పిల్లవాడు గెలిచి, రెండు గంటలు దొరికిన పిల్ల ఓడితే, ఇదివరకు నేను తెలివితేటల గురించి మాట్లాడేవాడిని. ఇప్పుడు ముందు సమయం గురించి అడుగుతాను. ఆ పిల్లకు ఇంకో రెండు గంటలు ఎలా సమకూర్చాలో వాళ్ల అమ్మతో మాట్లాడతాను. ఆటను నడిపేవాడి పని ఎక్కువ భాగం అదేనని నాకు ఈ వయసులో తెలిసింది. బల్లలు వేయడం, పావులు పేర్చడం ఎవరైనా చేస్తారు.

వచ్చే ఆదివారం యాభయ్యో ఆట చూపిస్తాను. పదమూడో ఎత్తు దగ్గర ఆగి, క్వీన్‌ను ఎందుకు ఇచ్చాడో చెప్పమని పిల్లలను అడుగుతాను, తొందరపెట్టను. ఆట పూర్తయ్యాక బల్ల తీసేసి గయానా పటం పరుస్తాను. తూర్పు తీరం మీద ఆ తోట ఎక్కడ ఉండేదో చూపించి, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడి నుంచి మొదలుపెడతాను.